పేరు మరిపించే ధార

ఆ ఉదయం ఆకాశం తెల్లవారడానికి వెనకాడింది. తూర్పున కొంచెం ఎరుపు పుట్టి మళ్ళీ మాసిపోయింది. ధూమ్రగిరి మీంచి లేచిన తెల్లటి ఆవిరి గాలి లేక కొండ నెత్తిన తలపాగాలా చుట్టుకుంది. కాసేపటికి ఆ తలపాగా జారి లోయంతా పరుచుకుంది. దాని వెనక పొడిచిన సూర్యుడు తడిబట్టలో మూటగట్టిన వెండిపళ్ళెంలా ఉన్నాడు. నేల మీద నీడలు లేవు. కాకులు కొమ్మలు దిగలేదు.

కొండదారిన రెండు గాడిదలు నడుస్తున్నాయి. ముందుదాని మీద జొన్న బస్తాలు, వెనకదాని మీద సుంకులవ్వ. తోలుతున్న మనిషికి మోకాళ్ళ దాకా పంచె, నెత్తిన మాసిన గుడ్డ, ఒళ్ళంతా మసి. అతడు మయూరవాటి యువరాజు కీర్తిమల్లుడని గాడిదలకు కూడా అనుమానం రాలేదు. అవ్వకు మాత్రం దిగులుగానే ఉంది.

"నడక మార్చు నాయనా. గాడిదలు తోలేటోడు వాటి ఎనక నడస్తాడు. నువ్వు పక్కన నడస్తాండావు, అవేవో నీ పట్టపుటేనుగులయినట్ల."

కీర్తిమల్లుడు వెనక్కి తగ్గాడు.

మయూరవాటిని ఏలేది అతని అక్క మణిలేఖాదేవి. పున్నమి పండుగనాడు మేఘడంబరుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చి ఒక వెండిగిన్నె కానుక పెట్టాడు. గిన్నెలో ఉన్నది నీళ్ళకన్నా తేటగా ఉంది. వాసన లేదు, రంగు లేదు, నురగ లేదు. రాణి తాగింది. గిన్నె కింద పెట్టి, పక్కనే నిలబడ్డ తమ్ముణ్ణి చూసి చిరునవ్వుతో, "తమరెవరు?" అంది. ఆ తరువాత ఆమెకు తన పేరు కూడా తెలియలేదు. బాధ లేదు, భయం లేదు. కూర్చోబెట్టిన చోట కూర్చునేది. చిన్ననాటి నుంచీ ఆమె సంకటి కుండ అడుగున అంటిన మాడుచెక్కను విరిచి తమ్ముడి ఆకులోనే వేసేది. మర్నాడు భోజనం దగ్గర ఆ చెక్కను తనే తిని వేళ్ళు కడుక్కుంది.

మయూరవాటిలో ఒక కట్టడి ఉంది. ఏటా కొత్తచిగుళ్ళ వేళ ఏలిక సామంతుల ఎదుట రాతివేదిక ఎక్కి తన పేరు, తన తల్లి పేరు తన నోట చెప్పాలి. చెప్పలేకపోతే సింహాసనం పోయినట్టే. అప్పుడు ఆ రాతి మీద నిలబడి ముందుగా ఎవడు తన పేరు చెబితే రాజ్యం వాడిది. మేఘడంబరుడు ఈ ఏడు ఆ వేదికను ధూమ్రగిరి పాదాన వేయించి, రాణిని తెచ్చి కొండమీది విడిదిలో ఉంచాడు. ముహూర్తం ఈ మధ్యాహ్నానికే. సూర్యుడు నడినెత్తికి రాకముందే మణిలేఖకు తన పేరు తిరిగి రావాలి.

"అవ్వా, నువ్వూ సారా కాస్తావు. ఇన్నేళ్ళలో నీ సారా తాగి పేరు మరిచినవాళ్ళు లేరా?" అన్నాడు కీర్తిమల్లుడు.

"పేరు మరిసినోళ్ళు లేరు. ఇల్లు మరిసి పక్కింట్లో దూరినోళ్ళు ఉండారు." అవ్వ నవ్వలేదు. "కాసే తీరులో ఉండాది నాయనా అంతా. మట్టికుండలో కాస్తే మన్నూ పొగా రెండూ దిగుతాయి. నోట్లో పోసుకుంటే యాడ కాసినారో చెప్పొచ్చు. రాగిబానలో కాస్తే కుళ్ళువాసన రాగి తాగేస్తాది, గింజ వాసన మిగుల్తాది. మంట ఎగదోస్తే గొంతు గీరుతాది. నిదానంగా కాస్తే జారుతాది. బొగ్గులో వడగడితే ఇంగా పలచనయితాది. ఒకతూరి కాసిందాంట్లో చేను కనపడతాది. మళ్ళీ కాస్తే చేను పోయి గింజ మిగుల్తాది. మళ్ళీ మళ్ళీ కాస్తే గింజ కూడా పోతాది."

"మరి ఆ మాంత్రికుడు?"

"వాడు మళ్ళీ మళ్ళీ కాయడు. ఒక్క పొయ్యి మీదనే అన్ని కాపులూ కాస్తాడంట. ఎట్లనో నాకు తెల్దు. చూడాలనే వస్తాండా. అట్ల తీయడం తప్పు గాదు, గొప్ప పనే. నాకు చేత గాదు. వాడు చేసిన తప్పు ఇంగొకటుండాది. గవిమడి జొన్నలు తెప్పించినాడు."

గవిమడి సుంకులవ్వ చేను. పురిట్లో తల్లి జబ్బుపడటంతో మణిలేఖ అవ్వ చేతుల్లో, ఆ చేని గట్టు మీద పెరిగింది. ఆమె నోట పడిన మొదటి ముద్ద ఆ జొన్నల సంకటి. మనిషి ఏ చేని గింజతో నోరు తెరుస్తాడో, ఆ గింజను పట్టుకునే అతని పేరు ఉంటుందని మాంత్రికుడికి తెలుసు. గింజ నుంచి చేనును ఊడబెరికితే మనిషి నుంచి పేరు ఊడివస్తుంది.

"ఊడిన పేరు ఏమవుతుంది అవ్వా?"

"ఏమయితాది, యాడనో ఒకచోట ఉంటాది. చెరిగిన పొట్టు చాటకింద లేదా?"

అప్పుడు ఆవిరి చీలింది. కీర్తిమల్లుడు గాడిదలను ఆపాడు.

కొండ నెత్తిన రాగిగోపురం ఉంది. దేవాలయ గోపురంలా పైకి సన్నబడలేదు. తాటిబోదెలా ఒకే లావున, అడుగు నుంచి మేఘం దాకా నిలువుగా పోయింది. అంతస్తు అంతస్తుకూ రాగిపట్టీ. ప్రతి పట్టీ దగ్గర సింహం నోరులా ఒక చిన్న తూము. అడుగున పొయ్యి ఏనుగు దూరేంత ఉంది. దాని మంటకు కింది అంతస్తులు పచ్చిగాయంలా ఎర్రగానూ, నడిమివి తేనెరంగుగానూ, పైవి చలికి బిగిసి ఆకుపచ్చగానూ మెరుస్తున్నాయి. గోపురం ఊరికే లేదు. లోపల ఆవిరి ఎక్కుతోంది. ఎక్కిన ఆవిరి చల్లబడి నీరై జారుతోంది. జారే నీరు ఎక్కే ఆవిరికి ఎదురై, ప్రతి అంతస్తులోనూ కుతకుతమని ఉడుకుతోంది. ఆ చప్పుడు దూరాన సంతలో ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు ఉంది.

సుంకులవ్వ గాడిద దిగి చేతులు జోడించింది.

"ఎన్ని కుండలు ఒకదాని నెత్తిన ఒకటి పెట్టినాడు నాయనా," అంది మెల్లగా. "కిందోడు పైకి పంపుతాడు, పైనోడు కిందికి నెడతాడు. ఎవుని వాసన వాని అంతస్తులో నిలబడిపోతాది. మీయక్క పేరు ఇందులోనే ఉండాది."

వాకిట్లో ఈటెల భటుల నడుమ కావలినాయకుడు పైడికొండడు కూర్చున్నాడు. తొట్టిలా ఉంది అతని పొట్ట. పక్కన ఒక చిన్న పొయ్యి, దాని మీద పులిసిన ఊట నింపిన రాగిబాన, బాన మూతి నుంచి నీళ్ళతొట్టిలోంచి పోయే గొట్టం సిద్ధంగా ఉన్నాయి.

"మేం బట్టీ పనోళ్ళం దొరా. ముహూర్తం విందుకు మనుషులు కావాలంటే వచ్చినాం," అంది అవ్వ.

"నిన్న వచ్చినవాడూ అదే చెప్పాడు. పొయ్యి దగ్గరికి పంపితే గడ్డం కాల్చుకున్నాడు. అందుకని వాకిట్లోనే ఒక కాపు కాసి చూపించండి. చేతనైతే లోపలికి. కాకపోతే కొండ కిందికి, దారిన కాదు, అటు పక్కనించి." అతడు లోయ వైపు చూపించాడు.

అవ్వ పొయ్యి ముందు కూర్చుంది. మంట ఎగదోయలేదు. నాలుగు పుల్లలు తీసి రెండు పెట్టింది. మూతి చుట్టూ పిండిముద్ద మెత్తింది. బాన మీద చెయ్యి ఆనించి, పాలకు తోడుపెట్టే ఇల్లాలిలా వేడి చూసుకుంటూ ఉంది. కీర్తిమల్లుడు గొట్టం చివర ముంత పట్టుకు నిలబడ్డాడు. గొట్టం చెమర్చింది. ఒక బొట్టు ఊగి రాలింది. ఆ వెనక ధార కట్టింది.

ఇక్కడే అతని పుట్టుక అతణ్ణి పట్టి ఇచ్చింది. రాచనగరులో ఏ పదార్థమైనా మొదటి వడ్డన పెద్దవాళ్ళకు. పాలు పొంగినా, పండు పండినా మొదటిది చేతుల్లో పెట్టి వంగి ఇవ్వాలి. కీర్తిమల్లుడు ముంతలో మొదటి ధార పట్టి, రెండు చేతులా ఎత్తి, తలవంచి సుంకులవ్వకు అందించాడు.

అవ్వ కళ్ళు మూసుకుంది.

పైడికొండడు నిదానంగా లేచాడు. "ఏ బట్టీలో పుట్టావు బాబూ? మొదటి ధార నేలతల్లిది. అది తాగినవాడి కళ్ళు పోతాయి. మా ఊళ్ళో నడక రాని పిల్లకు కూడా తెలుసు. నువ్వేమో తమలపాకుల పళ్ళెంలా అందిస్తున్నావు. ఇంత వినయం కోటలో తప్ప ఎక్కడా దొరకదే."

అతని చెయ్యి కత్తి మీద పడేలోగా కీర్తిమల్లుడు బానను తన్నాడు. ఉడుకుతున్న ఊట వాకిలంతా చిమ్మింది. పైడికొండడు పొట్ట పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. పొయ్యిలోని నిప్పులు చెదిరాయి. గాడిదలు బెదిరి భటుల మధ్యకు దూరి, కాళ్ళు పైకీ కిందికీ ఆడిస్తూ ఈటెలవాళ్ళను చెల్లాచెదురు చేశాయి. కీర్తిమల్లుడు అవ్వను ఎత్తి వీపున వేసుకుని గోపురం తలుపు దూరి గడియ వేశాడు.

"దించు నాయనా, నడస్తా."

"నీ నడకకు మధ్యాహ్నం అవుతుంది అవ్వా. గట్టిగా పట్టుకో."

రాగిబోదె చుట్టూ మెట్లు పాములా చుట్టుకుని పైకి పోయాయి. కీర్తిమల్లుడు ఎక్కుతున్నాడు. అతని భుజం మీద గడ్డం ఆనించి అవ్వ ప్రతి తూము దగ్గరా ముక్కు పెడుతోంది. కింద తలుపు మీద దూలం దెబ్బలు మొదలయ్యాయి.

"ఇది కలి. పుల్లంగుండాది. పద."

పై తూము.

"తడిసిన గోతం. పద."

ఇంకో తూము దగ్గర కాలిన రొట్టె అంచు వాసన వచ్చింది. ఆ పైదాంట్లో మాగిన సీతాఫలం. ఇంకా పైన ఏవో పూలు. ఒక్కో అంతస్తులో ఒక్కో లోకం విడిగా నిలబడి ఉడుకుతోంది. కీర్తిమల్లుడు పుట్టినప్పటి నుంచీ జొన్నలు తిన్నాడు గాని, ఒక్క గింజ కడుపులో ఇన్ని దాగి ఉంటాయని ఎరగడు. వాటిని ఒకదాని నుంచి ఒకటి వేరుచేసి అల్మరాలో పెట్టినట్టు పెట్టినవాడు పగవాడే అయినా, ఆ పనికి అతని ఒళ్ళు జలదరించింది.

"ఆగు," అంది అవ్వ. "కిందికి దిగు. దాటి వచ్చినాం. ఆ, ఇదే."

ఆ తూము దగ్గర తొలకరి తగిలిన చేని వాసన ఉంది. పాలపట్టు జొన్నకంకి, గట్టు మీది పిడకల పొగ, ఉతికి ఆరేసిన పసిపిల్ల గుడ్డ. ఎన్నడూ చూడని అక్క బాల్యం కీర్తిమల్లుడి కళ్ళ ముందు ఆడింది.

"గవిమడి," అని అవ్వ సొరకాయ బుర్ర తీసి తూముకు పట్టింది. ధార నూనెలా చిక్కగా, సన్నగా, బొట్టుబొట్టుగా దిగుతోంది. "ఇది నిండేదాకా వాళ్ళు తలుపు ఇరగ్గొట్టకూడదు. నువ్వు పైకి పో. ఈ గోపురం నేలతల్లికి ఎన్నడూ ముద్ద పెట్టలేదు. మొదటి ధారంతా ఏళ్ళ తరబడి నెత్తిన నిలవుండాది. దాన్ని నేలకొదులు. వాకిలి పక్కకు వంగిన గొట్టముండాది, కింద నుంచే చూసినా."

"వదిలితే?"

"రెండు చేతులతోనే వదులు. నీకలవాటే గదా."

కీర్తిమల్లుడు పైకి పరుగెత్తాడు. అంతస్తు పెరిగే కొద్దీ వాసనలు సన్నబడ్డాయి. పూలు పోయాయి. చల్లదనం మాత్రం మిగిలింది. తరువాత చల్లదనమూ పోయింది. అది అక్క తాగిన పేరు మరిపించే ధార పుట్టే అంతస్తు. గోడలు అద్దంలా ఉన్నాయి. నడుమ పాలరాతి దొన్నెలో తేట పడుతోంది. పడుతున్నట్టు చప్పుడు లేదు. లోకంలో అంత శుభ్రమైనది అతడు చూడలేదు. ఆవిరి ఒక పీల్పు లోపలికి పోయింది.

అతడు ఆగిపోయాడు. ఎందుకు ఎక్కాడో తెలియలేదు. కింద ఎవరో ఏదో బాదుతున్నారు. బాదనీ. అద్దంలో ఒక మసిముఖం కనబడింది. ఎవరో మంచివాడిలాగే ఉన్నాడు. అతనికి ఏ లోటూ తోచలేదు. మోకాళ్ళు మడిచి కూర్చోబోయాడు.

కూర్చునేటప్పుడు తల భుజం మీదికి వాలింది. అవ్వ గడ్డం ఆనించిన చోట పొగవాసన ఉంది. పచ్చి కట్టెపొగ, ముక్కుపొడి, పాతచీర. ముక్కు చిట్లించాడు. ఆ చిట్లింపుతో అవ్వ గుర్తొచ్చింది. అవ్వ వెంట గాడిదలు, గాడిదల వెంట దారి, దారి వెంట అక్క, ఆ వెనక కట్టకడపట తన పేరు వచ్చాయి. తలగుడ్డ ఊడదీసి ఆ భుజం తుడిచి ముక్కుకు కట్టుకుని మెట్లు అందుకున్నాడు.

గోపురం నెత్తిన రాగిగంటలాంటి మూత. దాని పక్కనుంచి వాకిలి వైపు వంగిన గొట్టం. గొట్టానికి బిరడా. అతడు రెండు చేతులా బిరడా పట్టి, "తల్లీ, ఆలస్యమైంది, తీసుకో," అని తిప్పాడు.

ఏళ్ళనాటి మొదటి ధార కిందికి దూకింది. వెండితీగలా మెరుస్తూ పోయి వాకిట్లో రాతిచప్టా మీద పడి పరుచుకుంది. చెదిరిన నిప్పులను తాకింది. పైనుంచి చూస్తే ఏమీ జరిగినట్టు లేదు. మొదటి ధార మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. గడ్డి మాత్రం తనంతట తానే నల్లబడుతూ వలయంగా పోయింది. ఈటెల కర్రలు ఉన్నట్టుండి పొగలెత్తాయి. దూలం మోస్తున్న భటులు దాన్ని వదిలి, కనబడని దేనినో చూసి వెనక్కి నడవసాగారు. గాలి ఎండమావిలా వణుకుతోంది. పైడికొండడు మోకాళ్ళ మీద పడి నేలకు దండం పెట్టాడు. "చెప్పాను. నేను ముందే చెప్పాను, నేలతల్లి బాకీ ఉంచుకోవద్దని," అంటున్నాడు, ఎవరితోనో.

కొండపాదాన వేదిక దగ్గర మేఘడంబరుడి కొమ్ముబూర మోగింది. గోపురం మీది ఆవిరి తగ్గడం మాంత్రికుడు చూశాడు.

కీర్తిమల్లుడు దిగేసరికి బుర్ర నిండలేదు, అడుగు తడిసింది.

"చాలు," అంది అవ్వ. "ఎక్కువైతే ఇదీ విషమే."

గోపురం వెనక రాతినడవ విడిదికి పోయింది. అక్కడ కావలి లేదు. పేరు లేని మనిషి ఎక్కడికీ పోదు గనక అవసరం లేకపోయింది. మణిలేఖాదేవి పట్టుచీరతో, నగలతో, వేదిక కోసం సింగారించిన బొమ్మలా కూర్చుని ఉంది. వాళ్ళను చూసి చిరునవ్వు నవ్వింది. ఎవరిని చూసినా అదే నవ్వు.

"అక్కా," అన్నాడు కీర్తిమల్లుడు.

"కూర్చోండి," అందామె, అతిథితో అన్నట్టు.

అతడు బుర్ర ఆమె నోటికి అందించబోయాడు. అవ్వ అతని మణికట్టు పట్టుకుంది. "మళ్ళీ మొదలుపెట్టినావా అందియ్యడం. ఊరికే తాగితే కడుపు తిరిగి కక్కేస్తాది. వాసన ఒంటరిగా పోతే దారి తెల్దు దానికి. కూడు మీదెక్కించి పంపాల."

ఆమె కొంగున కట్టి తెచ్చిన జొన్నపిండి విప్పింది. గదిలో కుంపటి, కుండ ఉన్నాయి, ముంతలో నీళ్ళున్నాయి. ఎసరు కాగింది. పిండి పడింది. తెడ్డుకు బదులు కీర్తిమల్లుడు పంచెలో దాచి తెచ్చిన కత్తిఒర తీసుకుని అవ్వ గెలికింది. ఆవిరి విడిపోయి కిటికీలోంచి పడే ఎండ గడప దాటి వెనక్కి తగ్గుతోంది. నేల మీద నీడ పొట్టిదవుతోంది. కొండ కింద నుంచి పల్లకీ మోసేవాళ్ళ ఊపిరి పాట ఎక్కివస్తోంది. నడుమనడుమ మేఘడంబరుడి గొంతు వాళ్ళను తొందరపెడుతోంది.

అవ్వ ముద్దల మీద బుర్ర వంచి బొట్లు రాల్చింది. మూడు ఆకులు పరిచింది.

"ధార తగిలిన కూడు మాట్లాడకుండా తినాల. మాట ముందు పోతే వాసన ఎనకబడతాది. ఎవురొచ్చినా, ఏమయినా, నోరిప్పొద్దు నాయనా. పేరు పెట్టి పిలవొద్దు. అది తనంతట తానే రావాల."

ముగ్గురూ కూర్చున్నారు.

మణిలేఖ మొదటి ముద్ద తీసుకుంది. నమిలింది. ముఖం మారలేదు. రెండో ముద్ద తీసుకుంది. కీర్తిమల్లుడు తన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అవ్వ తలెత్తకుండా తింటోంది. పల్లకీ పాట వాకిటి దాకా వచ్చి ఆగింది. కర్రలు రాతి మీద దిగిన చప్పుడైంది. తలుపు మీద నీడ పడింది. ఎవరూ తిరిగి చూడలేదు.

మణిలేఖ చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. ఆమె చిరునవ్వు నెమ్మదిగా పోయింది. అంత చక్కని నవ్వు పోతుంటే కీర్తిమల్లుడికి ప్రాణం లేచివచ్చింది. ఆమె ముందుకు వంగి కుండ దగ్గరికి లాక్కుంది. అడుగున వేళ్ళు పెట్టి మాడుచెక్క లేవదీసింది. దాన్ని చూసింది. తలుపు గొళ్ళెం కదులుతోంది.

ఆమె చెక్కను విరిచి, పెద్దముక్క తమ్ముడి ఆకులో వేసి, మళ్ళీ తన ముద్ద అందుకుంది.